పథ్యం తప్పిన పాలు

అంగన్‌వాడీలో గుడ్డు తిన్న సంగతి సంధ్యారాణి పదకొండు రోజులు దాచింది. దొంగతనం చేసినవాళ్లు కూడా అంత భయపడరు. పెట్టేది సర్కారు, తినమనేది సర్కారు, తల్లి తింటేనే పిల్లకు పాలని గోడ మీద బొమ్మ గీసి మరీ రాసింది సర్కారు. అయినా ఈ పిల్ల రెండుసార్లు పుక్కిలించి, చేతులు మూడుసార్లు కడుక్కొని, కొంగు వాసన చూసుకొని గానీ ఇంటిదారి పట్టేది కాదు. ఇంట్లో సారక్క ఉంది మరి.

సారక్క ఆమె అత్త. చెడ్డమనిషి కాదు, అట్లా అంటే కళ్లు పోతాయి. తల్లి లేని పిల్ల అని కోడలికి పురుడు తానే పోసింది. రెండు నెలలుగా కోడి కూయకముందే లేచి నీళ్లు కాచి, తల్లికీ బిడ్డకూ ఒళ్లు రుద్ది స్నానం పోసి, సాంబ్రాణి వేస్తోంది. కానీ పథ్యం దగ్గరికొచ్చేసరికి ఆమె మాట రాతి మీద గీత. పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, కాచిన నీళ్లు, అంతే. పప్పు తింటే పిల్లకు వాయువట, గుడ్డు తింటే మాంద్యమట, పాలు తాగితే కఫమట. మూడు నెలలు నిండేదాకా బాలింత నోరు కట్టుకోవాల్సిందే.

"పేరు రాయించుకున్నంక పోకుంటే ఎట్ల? రేపు పిల్లకు బాలామృతం పిండి ఇయ్యరంట" అని మామ మొగిలి అనబట్టి సారక్క కోడలిని అంగన్‌వాడీ సెంటరుకు పోనిచ్చింది. "పో బిడ్డా, గాని చారన్నం తిని రా. గుడ్డు పక్కదానికియ్యి" అని గడప దాకా వచ్చి చెప్పింది.

సెంటరులో అనసూర్య టీచరు ఇంకో రకం. గుడ్డు ఇంటికి కట్టివ్వదు. "ఇంటికి పోతే అది ఎవల కడుపుల పడుతదో నాకెర్కనే. నా కండ్ల ముంగట తిను" అని ఎదురుగా కూర్చునేది. పాలిచ్చే తల్లికి ఉండే ఆకలి పాలిచ్చినవాళ్లకే తెలుస్తుంది. సంధ్యారాణి తినేది. పప్పు తినేది, గుడ్డు తినేది, గ్లాసెడు పాలు గటగటా తాగేది. అత్త అడిగితే చారన్నం అని చెప్పేది.

ఆ తరవాతే పిల్ల వాడిపోవడం మొదలైంది.

మొదట నిద్ర అనుకున్నారు. పాలకు లేపితే లేవదు. లేచినా రెండు గుక్కలు తాగి తల వాల్చేస్తుంది, తాగిన ఆ కాస్తా కక్కేస్తుంది. టీచరు తూకం వేస్తే పోయిన నెల కంటే రెండు వందల గ్రాములు తగ్గింది. పిల్లల బరువులు ఎక్కించే ఆమె ఫోన్‌లో పిల్ల పేరు ఎర్రరంగులోకి, అంటే ప్రమాదంలోకి మారింది.

వింత ఏమిటంటే, సెంటరులో చాప మీద పడుకోబెట్టిన గంటకల్లా పిల్ల కళ్లు తెరిచేది. కాళ్లు ఆడించేది. రొమ్ము వెతుక్కొని ఆత్రంగా తాగేది. ఇంటికి తీసుకెళ్తే మళ్లీ అదే మత్తు. సంధ్యారాణి దీన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. సెంటరులో పిల్ల తాగేవి గుడ్డు తినకముందు పాలు. తిన్న గుడ్డు పాలలోకి దిగడానికి కొంతసేపు పడుతుంది కదా, ఇంటికొచ్చేసరికి ఆ పాలు చెడిపోతున్నాయి. తన పాలే పిల్లను చంపుతున్నాయి. ఈ ఆలోచన ఒకసారి బుర్రలో పడ్డాక ఇంక తీసేవాళ్లెవరు? పిల్ల నోటికి రొమ్ము అందించబోయి మళ్లీ వెనక్కి తీసుకునేది. తనకూ ఒంట్లో బాగుండడం లేదు. ఇంట్లో ఉన్నంతసేపూ తలనొప్పి, కడుపులో తిప్పు. చేసిన తప్పుకు శిక్ష అనుకుంది.

పన్నెండో రోజున ఇక దాచలేక అత్త కాళ్ల దగ్గర కూలబడింది.

"అత్తమ్మా, నేను గుడ్డు తిన్న. రోజూ తిన్న. పప్పు గూడ తిన్న. నువ్వు చెప్పినా ఇనలే."

తిట్టినా, ఒక దెబ్బ వేసినా బాగుండేది. సారక్క తిట్టలేదు. ముఖంలో నెత్తురు ఇంకిపోయినట్టయింది. "ఎన్ని దినాలాయె?" అని మాత్రం అడిగింది. "పదకొండు" అంటే గోడ పట్టుకొని కాసేపు నిలబడింది. అత్తకు భయమేస్తోందని తెలిసి సంధ్యారాణి పైప్రాణాలు పైనే పోయాయి.

ఆ రోజు నుంచి సెంటరు బంద్. వాయువు చేసిన ఒంటికి కాపడమే మందని, బాలింత మంచం కింద అప్పటిదాకా ఒకపూట పెట్టే కుంపటిని సారక్క రెండు పూటలా పెట్టసాగింది. వేరే ఊళ్లలో అయితే కుంపట్లో పిడకలో కట్టెబొగ్గులో వేస్తారు. గోదావరిఖనిలో గనిబొగ్గుకు కొదవేముంది, ఇక్కడి అవ్వలు దాన్నే వేస్తారు. ఆమెది జాగ్రత్తగల చెయ్యి. పొగ పిల్లకు పడదని, బొగ్గు పెరట్లోనే రాజేసి, పొగంతా పోయి నిప్పు ఎర్రగా కణకణలాడే దాకా ఆగి అప్పుడు లోపలికి తెచ్చేది. డిసెంబరు చలి కొరుకుతోందని రెండు వారాలుగా కిటికీ మూసి, తలుపు కింది సందులో పాతచీర కుక్కేది.

ఆ గదిలోకి మగవాళ్లు రాకూడదు. సంధ్యారాణి మొగుడు ప్రశాంత్ గనిలో డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, గడప అవతల నిలబడే బిడ్డను చూసుకొని పోయేవాడు. మొగిలికి అదీ లేదు. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిల పనిచేసి, అందులో పన్నెండేళ్లు ప్రమాదాలప్పుడు లోపలికి దిగే రెస్క్యూ జట్టులో ఉండి రిటైరైన మనిషి, రోజంతా ముందరి అరుగు మీద ఎండ కాచుకుంటూ కూర్చుంటాడు.

మూడో రోజు పొద్దున పది గంటలవుతోంది. ప్రశాంత్ మొదటి షిఫ్టుకు పోయాడు. స్నానం పోసి, కుంపటి పెట్టి, తలుపు దగ్గరగా వేసి సారక్క వంటింట్లోకి పోయింది. సంధ్యారాణి పిల్లను ఒళ్లోకి తీసుకుంది. పిల్ల తల చేతి మీద నుంచి జారిపోయింది. బుగ్గ తట్టింది, అరికాలు గీకింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఊపిరి ఉందా? ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఉందో లేదో తెలియనంత సన్నగా తగిలింది.

పాలివ్వాలా? ఇస్తే చస్తుందేమో. ఇవ్వకపోతే చస్తుందేమో. ఓరి దేవుడా, ఏ తల్లికీ ఈ కష్టం రావద్దు.

అత్తను పిలుద్దామని నోరు తెరిచింది. మాట రాలేదు. లేద్దామంటే మోకాళ్లు మడత పడ్డాయి. మంచం పట్టె పట్టుకొని నేల మీదికి జారింది. తలలో ఎవరో సమ్మెటతో కొడుతున్నట్టుంది. పిల్లను మాత్రం వదల్లేదు. బయట అరుగు మీద నుంచి అనసూర్య టీచరు గొంతు వినిపిస్తోంది. ఎంతో దూరాన ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినిపిస్తోంది.

"మొగిలి కాకా, మూడు దినాలాయె మీ కోడలు రాక. పిల్ల రెడ్‌ల పడ్డది. పంపకుంటే ఎట్ల?"

"గుడ్డు పడలేదంటున్నరమ్మా. మా ఇంటామె పంపనంటది."

"గుడ్డు పడకుంటే పిల్ల సెంటర్ల ఎందుకు మంచిగుంటది కాకా? నేను నా కండ్లతోని చూస్తున్న. వచ్చేటప్పుడు తోటకూర కాడ లెక్క వాలిపోయుంటది, గంటకు లేసి తాగుతది. ఆ పిల్ల సంధ్యకు గూడ అంతే. వచ్చుడు వచ్చుడే తల పలుగుతుందంటది, కాళ్లు లేస్తలేవంటది. పోయేటప్పుడు నవ్వుకుంట పోతది."

ఒక్కసారిగా మొగిలి గొంతు లేచింది. అట్లాంటి గొంతు సంధ్యారాణి ఆ ఇంట్లో ఎన్నడూ వినలేదు.

"ఏమే! పెరట్ల రాజేసే కుంపటి నీళ్లకు గాదా? లోపలికి పెడుతున్నవా?"

"బాలింతకు కుంపటి పెట్టరా?" వంటింట్లోంచి సారక్క. "పొగ జరంత గూడ లేకుంట చూసే పెడుతున్న."

"పొగ లేకుంటెనే సస్తరే! పొగ ఉంటే దగ్గుకుంటనన్న బయటికి ఉరుకుతరు!"

తలుపు ధడాలున తెరుచుకుంది. అరవై ఆరేళ్ల మనిషి ఊపిరి బిగబట్టి లోపలికొచ్చి, కిటికీ రెక్కను గుద్ది తెరిచి, పిల్లను ఒక చేత్తో, కోడలిని ఒక చేత్తో ఈడ్చుకుంటూ బయటికి తెచ్చాడు. మామ తనను తాకాడని సిగ్గుపడడానికి కూడా సంధ్యారాణికి తెలివి లేదు. వాకిట్లో చల్లగాలి ముఖానికి కొట్టింది. "ఆటో! ఆటో!" అని అనసూర్య కేకలు పెడుతూ రోడ్డు మీదికి ఉరికింది.

దవాఖానలో తల్లికీ బిడ్డకూ ఆక్సిజన్ పెట్టారు. సంధ్యారాణికి గంటలో తెలివి వచ్చింది. పిల్ల ఏడవలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఏడవలేదు, రెండు గంటలకు ఏడవలేదు. డ్యూటీ దిగి మసి ముఖంతోనే పరుగెత్తుకొచ్చిన ప్రశాంత్ గాజు తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాడు. నాలుగు దాటాక లోపల నుంచి ఒక గొంతు, ముందు సన్నగా, తరవాత కోపంగా వినిపించింది. సంధ్యారాణి మంచం మీదే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

నర్సు పిల్లను తెచ్చి ఒళ్లో పెట్టి "పాలియ్యమ్మా" అంది. సంధ్యారాణి కదల్లేదు.

"నా పాలు మంచియేనా అక్కా? గుడ్డు తిన్న నేను."

"రోజూ తిను. నీ పాలకేం కాలే. మూసిన గదిల కుంపటి విషగాలి పీల్చిన్రు మీరిద్దరు, దానికి వాసన గూడ ఉండది. ఇంకో అర్ధగంటయితే ఇద్దరు దక్కకపోదురు."

రొమ్ము అందించింది. పిల్ల పట్టుకుంది. అటూ ఇటూ చూడకుండా, ఊపిరి తిప్పుకోకుండా, ఎన్నాళ్ల ఆకలో అన్నట్టు తాగుతోంది. సంధ్యారాణి కళ్లల్లోంచి ధారగా నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

పొద్దుటి నుంచి మంచం కాళ్ల దగ్గర నిలబడే ఉన్న సారక్క అప్పుడు నోరు తెరిచింది. కోడలితో కాదు, తలుపు పక్కన నిలబడ్డ మొగిలితో.

"ఏమయ్యా. బెల్లంపల్లిల మన పెద్దపోరి గూడ గిట్లనేనా?"

సంధ్యారాణి తలెత్తింది. ప్రశాంత్ కంటే ముందు ఈ ఇంట్లో ఒక బిడ్డ పుట్టిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"ఇరవై రెండు దినాల పిల్ల" అంది సారక్క. "గప్పుడు గూడ గిదే చలి. మంచం కింద కుంపటుండె. నేను పక్కింటోళ్లిచ్చిన చేపముక్క తిన్న, ఒకటే ముక్క. పొద్దుగాల చూస్తే పోరి లేదు. చేపముక్క తిని పిల్లను మింగినవని మీ అమ్మ అన్నది, ఊరంత అన్నది. నేను గూడ గదే అనుకున్న. గందుకే దీన్ని తిననియ్యలే. నువ్వు చెప్పు. చేపముక్కనా, కుంపటా?"

మొగిలి భుజం మీది తువ్వాల తీసి చేతుల్లో మెలిపెట్టాడు.

"కుంపటే."

"ఎప్పటిసంది ఎర్క నీకు?"

"రెస్క్యూ ట్రైనింగుల చెప్పిన్రు. పోరి పోయిన ఆరేండ్లకు." తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "గా దినం బయటి నుంచి కిటికీ మూసింది నేనే. డ్యూటీకి పోతపోత, మీకు చలి పెడుతదని. ఎట్ల చెప్పాలె నీకు?"

సారక్క ఏడవలేదు, అరవలేదు. ముప్పై ఏళ్లకు పైగా పక్కన పడుకున్న మనిషిని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. ఆయన నోరు విప్పి ఉంటే ఆమెకు ఆ నింద ఉండేది కాదు, ఈ పిల్లకు ఈ రోజు వచ్చేది కాదు. ఆ సంగతి ఆ ముగ్గురిలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

"అత్తమ్మా, ఇటు రా" అని సంధ్యారాణి కాస్త జరిగి చోటు చేసింది. సారక్క వచ్చి కూర్చుంది. పాలు తాగుతున్న పిల్ల వీపు మీద అరచెయ్యి వేసి, ఊపిరి తగులుతోందో లేదో చూస్తూ, ఇక తియ్యలేదు. కూర్చోమని మొగిలికి ఎవరూ చెప్పలేదు.