ఎడంచేత్తో వల అల్లే ఆయన

సూళ్లూరుపేటలో కువైట్ వెళ్ళేవాళ్ళకి అరబ్బీ నేర్పుతాను. పేరు మెర్లిన్, ఓపిక తక్కువ. ఇంగ్లీషువాళ్ళ కోసం రాసిన పుస్తకంతో నేర్చుకున్నాను, దానితోనే నేర్పుతాను. అందులో ‘హూ’, ‘విచ్’ పాఠం వస్తే క్లాసంతా నీళ్ళు నములుతుంది. మగవాడైతే ‘అల్లదీ’, ఆడదైతే ‘అల్లతీ’, అంటే ‘ఎవరైతే’ అని మొదలుపెట్టి, ఆ తర్వాత మనిషి సంగతి చెప్పాలి. ‘చేపలు పట్టే మనిషి’ అనేసి ఊరుకునే మనకు ఆ వరస ఒక పట్టాన మింగుడుపడదు.

గురవమ్మకి మాత్రం అది మంచినీళ్ళ ప్రాయం. పులికాట్ ఒడ్డు మనిషి. వాళ్ళ పల్లెలో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. ‘ఎడంచేత్తో వల అల్లే ఆయన’ అని చెప్పుకుంటూనే ఆమె కాపురం చేసింది. ఆయన కువైట్‌లో చేపల పడవ మీద పని చేస్తున్నాడు. ఈమె అక్కడే వంటపనికి పోదామని నా దగ్గర చేరింది.

ఒకరోజు ఏడ్చిన కళ్ళతో వచ్చింది. ఆయన పడవ మునిగిందట, ఫోను పలకడం లేదట. పడవ పనివాళ్ళు ఉండే క్యాంపుకి ఫోన్ చేశాను. అరబ్బీ తప్ప రాని వాచ్‌మన్ ఎత్తాడు.

“మీ ఆయన పేరు చెప్పమ్మా.”

“నా నోటెంట రాదు మేడమ్.”

“ప్రాణం మీదికొచ్చినా పట్టింపేనా?” అని కసిరి, ఆమె చేరేటప్పుడు ఇచ్చిన కాగితాల్లో చూసి, పెంచలయ్య అని వాచ్‌మన్‌కి నేనే చెప్పాను.

“పెంచలయ్యలు చాలామంది ఉన్నారు. ఒకడు ఆస్పత్రిలో ఉన్నాడు. మీకు ఎవరు కావాలి?” అన్నాడు వాచ్‌మన్.

మా జిల్లాలో పెంచలయ్యలకు కొదవా?

గురవమ్మ స్పీకర్‌లో ఉన్న ఫోన్ లాక్కుంది. ఆమె అరబ్బీ తొణకలేదు. ‘అల్లదీ’ అని మొదలుపెట్టి, ఎడంచేత్తో వల అల్లే ఆయన, అంది. అలిగి అన్నం మానేసి మళ్ళీ తనే చట్టి దగ్గరకొచ్చే ఆయన, అంది. గాలివాన వస్తుందంటే ముందు పక్కవాళ్ళ పడవ కట్టేసే ఆయన, అంది. ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఆ మాటలకు అంత ప్రాణం ఉందని నాకే తెలియదు. ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది.



“చేపల పులుసు పెడితే పక్కిళ్ళవాళ్ళు గిన్నెలతో వచ్చే ఆమె నువ్వేనా? ఇక్కడ రోజూ నీ మాటే,” అని వాచ్‌మన్ లోపలికి కేకేశాడు.

కాసేపటికి మగగొంతు వినిపించింది. “ఏమే, ఫోను నీళ్ళల్లో పోయింది. నాకేం కాలేదు. ఆస్పత్రిలో ఉండేది వేరే ఆయన, కాలు విరిగింది పాపం.”

గురవమ్మ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నావైపు తిరిగింది. కళ్ళు ధారలు కడుతున్నాయి.

“ఉండాడు మేడమ్. మా పెంచలయ్య ఉండాడు.”

ఏం పలికిందో ఆమె గమనించుకోలేదు. నేనూ ఎత్తి చూపలేదు.