మెడ విరుపు

వెంకటి గడ్డానికి నురగ పట్టిస్తూనే ముత్తన్న అద్దంలోంచి గడప వైపు చూశాడు. ఎవరూ లేరు. బోధన్ బస్టాండు వెనక రేకుల దుకాణంలో నెల రోజులుగా ఇదే తంతు. చెప్పు చప్పుడైతే చాలు, కత్తి ఆగిపోతుంది.

"అత్తగారోళ్లు వస్తుండ్రానే, గంతగనం సూస్తున్నవ్?" అన్నాడు వెంకటి. చెరుకు ట్రాక్టర్ డ్రైవరు. నోరు ఊరుకోదు.

ముత్తన్న కత్తి నూరుకున్నాడు. ఐదోతరగతిలో బడి మానేసి తండ్రి మంగలి పొది అందుకున్న మనిషి. అతని కంటే నున్నగా గీసేవాళ్లు ఊరినిండా ఉన్నారు. అయినా కోటగిరి నుంచి చెరుకు మోసే కూలీలు ఈ కుంటి కుర్చీకే వస్తారు. గీయడం అయ్యాక దవడ కింద ఒక చేయి, తల వెనక ఒక చేయి వేసి మెడను అటూ ఇటూ టక్కుమనిపిస్తాడు. నాయన నేర్పిన పని. మోత బరువంతా ఆ చప్పుడుతో దిగిపోతుందని వాళ్ల నమ్మకం. అతనిదీ అదే నమ్మకం, నెల కిందటి దాకా.

ఆ రోజు ఆ కూలీల్లో ఒకడైన పోశయ్య కుర్చీలో కూర్చున్నాడు. చెరుకు మోపు జారి మీద పడ్డప్పటి నుంచి మెడ పట్టేసిందనీ, వేళ్ల దాకా గుంజుతోందనీ అన్నాడు. అందుకే ముత్తన్న ఇంకాస్త గట్టిగా తిప్పాడు. చప్పుడు ఎప్పటిలా రాలేదు. పచ్చి చెరుకు గడ విరిచినట్టు వచ్చింది. లేచి జేబులో చేయి పెట్టబోతే పోశయ్య కుడిచేయి కదల్లేదు. "తిమ్మిరెక్కింది" అని నవ్వి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

గీయడం అయ్యాక వెంకటి బీడీ కోసం బయటికి నడిచాడు. అతనికి ఎదురుగా పోశయ్య లోపలికి వచ్చాడు.

కుడిచేయి పిండి ఆరేసిన బట్టలా వేలాడుతోంది. భుజం కండ కరిగి ఎముక తేలింది. నెత్తిన మోపు కింద పెట్టుకునే చుట్టకుదురును, అలవాటు కొద్దీ తెచ్చిందాన్ని, ఎడమచేత్తో మేకుకు తగిలించి కూర్చున్నాడు. నెల గడ్డం.

"గియ్యి ముత్తన్నా. బిడ్డ ఎస్తర్ ఆటోల కూసున్నది. హైదరాబాద్ తీస్కపోతదట, ఆపరేషన్‌కు."

నురగ పట్టించాక కత్తి గొంతు మీదికి వచ్చింది.

"డాక్టర్... ఏమన్నడు?"

"చేతికొచ్చే నరం మెడకాడనే నలిగిందట. చెయ్యి లేస్తదో లేదో సెప్పలేనన్నడు." పోశయ్య కళ్లు మూసుకునే ఉన్నాడు. "మెడ ఎవరన్న తిప్పిండ్రా అని అడిగిండు."

ముత్తన్న కత్తి ఆపాడు.

"మోపు పడ్డది సారూ, గంతే అని సెప్పిన."

"ఎందుకట్ల సెప్పినవ్?"

"నీ పేరు సెప్తే నీ దుకాణం మూస్తరు. గప్పుడు నాకు గడ్డం ఎవడు గీస్తడే? ఒంటిచేత్తోని రాకపాయె."

నవ్వితే నురగ కదిలింది. నాదే తప్పు అనడానికి ముత్తన్న నోరు తెరిచాడు. మళ్లీ మూసి, మిగతా గడ్డం గీసేశాడు. బయట ఆటో హారన్ కొట్టింది. పోశయ్య చెంపలు తడుముకొని, వేలాడే చేతిని ఎడమచేత్తో పట్టుకొని, గడప దాటాడు.

ఆటో చప్పుడు పోయింది. భయం పోలేదు.

వెంకటి తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "మెడ మరిచినవేందే?" అని కళ్లు మూసి తల వదిలేశాడు. ఆ బరువంతా ముత్తన్న అరచేతుల్లోకి వచ్చింది. వేళ్లకు లోపలి ఎముకలు ఒక్కొక్కటీ తగిలాయి.

చేతులు తీసేశాడు. "ఇగ ఎవ్వల మెడ తిప్ప."

"ఏందే, మొగోనివి గట్ల భయపడుతున్నవ్?"

ముత్తన్న చూపు మేకు మీద ఆగింది. పాతచీర పేలికతో చుట్టిన చుట్టకుదురు అక్కడే ఉంది, నడుమ పోశయ్య నెత్తి పట్టేంత గుంటతో, జిడ్డుగా, ఖాళీగా.