నాగదుర్గ లేడీస్ టైలరింగ్ ఎల్.ఎల్.సి.

జాకెట్టుకి ఆఖరి హుక్కు కుడుతుండగా మళ్లీ వినిపించింది నాగదుర్గకి. టక్, టక్. బల్ల మీద కత్తెరతో రెండుసార్లు తట్టిన చప్పుడు. తల తిప్పలేదు. వదిన పోయి రెండేళ్లయినా, దుబాయ్‌లో నైఫ్ పేటలోని ఈ గదిలో పట్టపగలే ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మంగాదేవి నాగదుర్గ భర్తకి అక్క. ఈ కుట్టుపని మొదలుపెట్టిందే ఆవిడ. ఖరీదైన గుడ్డ కోసే ముందు కత్తెరతో బల్లని రెండుసార్లు తట్టేది. "కత్తెర పడ్డాక గుడ్డ మన మాట ఇనదే దుర్గా. ముందే ఆలోచించుకోవాల" అనేది. కరోనా ఏడాదిలో మాస్కులు కుట్టీ కుట్టీ ఆ జబ్బుతోనే పోయింది. ఆసుపత్రి కాగితంలో 'వృత్తి' అన్నచోట ఏం రాయాలని అడిగితే, "పనేం లేదండీ, ఇంట్లోనే ఉండేది" అన్నాడు ఆవిడ తమ్ముడు, నాగదుర్గ భర్త అప్పాజీ. పదకొండేళ్లు ఆ ఇంటిని నడిపింది ఆవిడ మిషనే. పక్కనే నిలబడి కూడా నాగదుర్గ నోరు మెదపలేదు. ఎంత సిగ్గుమాలిన మౌనం! పోయిన మనిషిని ఇంకోసారి పోగొడుతుంటే చూస్తూ ఊరుకుంది. అందుకే వదిన తనని వదలడం లేదని ఆమెకి తెలుసు.

"ఎంతసేపే తెమలటం? యల్లా, యల్లా!" గుమ్మంలోంచి అప్పాజీ అరిచాడు. "బోర్డు మీద నీ పేరే ఏయిస్తున్నాను గదా, ఇంకేం కావాలి నీకు?"

నిజమే, కొత్త షాపుకి నాగదుర్గ పేరే. కంపెనీ మాత్రం అప్పాజీదీ, అతని తమ్ముడు ప్రసన్నకుమార్‌దీ, చెరి సగం.

కంపెనీ కాగితాలు తయారుచేసే టైపింగ్ సెంటర్‌లో గుమాస్తా ఫర్దీన్ ఒప్పందం ముసాయిదా చూసి తల అడ్డంగా ఊపాడు. మనిషి పేరు పెడితే ఆ మనిషి భాగస్వామి అయి ఉండాలట. లేకపోతే పేరు పాస్ కాదని హిందీలో చెప్పాడు. అప్పాజీ తమ్ముడికి ఫోన్ చేశాడు.

"పేరు మార్చకూడదురా! ఆడోళ్లందరూ ఆ పేరు చూసే వత్తారు."

నాగదుర్గ విన్నది. చుట్టాలొస్తే "మా ఆవిడ ఏదో కాలక్షేపానికి కుడతది" అనే మనిషి, ఆమె ముందే, ఆమె పేరు లేకపోతే షాపు నడవదంటున్నాడు. నెల తప్పినప్పుడు కుట్టింది, జ్వరంలో కుట్టింది, అన్నం చల్లారిపోతున్నా కుట్టింది. ఇన్నేళ్లలో ఈ మాట ఆయన నోట రావడం ఇదే మొదలు. అదీ తనతో కాదు, ఫోన్‌లో తమ్ముడితో.

అప్పాజీ ఫోన్ పెట్టేసి ఆమె వైపు తిరిగాడు. "నీకు ఒక్క పర్సెంటు రాయిత్తాను, పేరుకే. నువ్వేం చదవక్కర్లేదు, సంతకం పెట్టేయ్."

పెన్ను ఆమె చేతికొచ్చింది. ఫర్దీన్ కీబోర్డు మీద వేళ్లుంచి అడిగాడు. "మేడమ్ ప్రొఫెషన్?"

"పనేం లేదు, ఇంట్లోనే ఉంటది," అన్నాడు అప్పాజీ హిందీలో.

అదే మాట. ఆసుపత్రిలో వదిన గురించి అన్నదే.

టక్, టక్. ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. ఈసారి ఆ చప్పుడు చేసింది ఆమె చేతిలోని పెన్నే.

"టైలర్ లిఖో, భయ్యా," అంది ఫర్దీన్‌తో. తర్వాత పెన్ను బల్ల మీద పెట్టి, భర్త వైపు తిరిగింది. "సగం వాటా రాయించండి. కుదరదంటే, నా పేరు నాకిచ్చేయండి."