ముందు వరసలో సైగల మేస్త్రి

ఓడలు కట్టే యార్డులో ఆయన్ని అందరూ సైగల మేస్త్రి అంటారు. పద్దెనిమిది టన్నుల ఇనుప దూలం గాల్లోకి లేచి, పదిమంది తలలు తప్పించుకుని తిరిగి, అవతల పిల్లి అడుగేసినంత మెత్తగా దిగిందంటే అది ఆయన చేతుల చలవ. పైన అద్దాల గదిలో కూచుని క్రేను నడిపేది ఆయన బావమరిది. వాడికి కింద ఏముందో కనపడదు, బావ చేతులు కనపడతాయి, అంతే. వేలు పైకి తిప్పితే ఎత్తాలి. కిందికి తిప్పితే దించాలి. రెండు చేతులూ బార్లా చాపి అరచేతులు నేలకు తిప్పితే ఉన్నదున్నట్టు ఆపెయ్యాలి. ఆ ఒక్క సైగకీ వేరే చట్టం ఉంది. ఎవరు చేసినా సరే, ఊడ్చే ఆవిడ చేసినా సరే, ముందు ఆపి తరవాత ఎందుకని అడగాలి. ముందు అడిగి తరవాత ఆపినవాడొకడు ఆ యార్డులో ఉండేవాడు. ఇప్పుడు లేడు.

మేస్త్రికి మాటలు పొదుపు. "ఈయన నోట్లో ముత్యాలున్నాయి, తెరిస్తే రాలిపోతాయని భయం" అంటుంది ఆయన భార్య. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. వాళ్లకి ఒక్కతే కూతురు, ఇరవై మూడేళ్లది. ఆ పిల్ల పని ఏమిటంటే కంప్యూటర్ ఆట ఆడటం. మొదట్లో మేస్త్రి దాన్ని పని అనుకోలేదు. నలుగురు స్నేహితులతో కలిసి మేడమీద గది అద్దెకు తీసుకుని రోజుకు పది గంటలు ఆడుతుంటే, ఐదు కుర్చీలూ మూడంతస్తులు మోసి పెట్టాడు గానీ మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు.

ఆ కూతురు ఓ రోజు అన్నాల వేళ పాస్ తెచ్చి కంచం పక్కన పెట్టింది.

"నాన్నా, ఆదివారం ఫైనల్. గెలిచిన జట్టు దేశం తరఫున ఆడటానికి వెళ్తుంది. ఓడితే ఇంకో ఏడాది ఆగాలి. నువ్వు రావాలి."

"పొద్దున షిఫ్టుంది."

"ఆట రెండింటికి."

"ఊఁ."

ఆ ఊఁ విని తల్లీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేస్త్రి ఊఁ అంటే రాసిచ్చినట్టే. తల్లికి ఆదివారం డ్యూటీ. "అక్కడికెళ్లి ఒక్క మాట మాట్లాడకు. పిల్లకి ధ్యాస చెదురుతుంది" అంది.

"నేనెప్పుడు మాట్లాడాను?"

"అదీ నిజమేలే."

ఆదివారం షిఫ్టు దిగి బావా బావమరదులు అటునుంచి అటే బయల్దేరారు. మేస్త్రి ఒంటిమీద వెండిచారల నారింజరంగు జాకెట్టు అలాగే ఉంది.

"అది తీసెయ్ బావా. రోడ్డు తవ్వడానికొచ్చామనుకుంటారు."

"లోపల చొక్కాకి గ్రీజుంది."

"సరే, ఉంచుకో. తప్పిపోతే వెతకడం తేలిక."

రెండేళ్ల కిందట ఈ పోటీ ఓ కంప్యూటర్ షాపు వెనక గదిలో పది కుర్చీలేసి జరిపారట. ఇప్పుడు ఇండోర్ స్టేడియంలో పెట్టారు, అదీ చాల్లేదు. జనం బారు తీరి భవనం చుట్టూ తిరిగి, మొదటివాడూ చివరివాడూ పలకరించుకునేంత దగ్గరికొచ్చారు. చంటిపిల్ల చెవులకి మెత్తటి డొప్పలు కట్టి ఎత్తుకొచ్చిన దంపతులు ఉన్నారు. మనవరాలి చెయ్యి పట్టుకుని, చెంపల మీద రంగు పూసుకున్న ముసలావిడ ఉంది. అందరూ ఒకే మాట అరుస్తున్నారు: "నిదానం! నిదానం!"

"తోసుకోవద్దంటున్నారా?" అన్నాడు మేస్త్రి.

బావమరిది నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు. "నీకు తెలీదా బావా? అది నీ కూతురి పేరు. ఆటలో ప్రతివాళ్లూ ఓ పేరు పెట్టుకుంటారు. అది నిదానం అని పెట్టుకుంది."

బరువు దిగేటప్పుడు మేస్త్రి చేతులతో పాటు నోటితో అనే మాట అదొక్కటే. బడికి పోయే రోజుల్లో కూతురు క్యారేజీ పట్టుకొచ్చి కంచె అవతల కూచుని చూస్తూ ఉండేది. నాలుగువేల మంది నోళ్లలో ఆ మాట వింటూ మేస్త్రి చాలాసేపు చేతిరుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

ఆటగాళ్ల ఇంటివాళ్లకి ముందు వరస ఇచ్చారు. వేదిక మీద జనం వైపు మొహం పెట్టి ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, ఒక్కొక్కరి ముందూ ఒక్కో కంప్యూటర్. వెనక గోడంత తెర. బావమరిది చెవిలో చెప్పాడు: "ఒక జట్టు గిడ్డంగి కాస్తుంది, ఇంకో జట్టు లోపలికి దూరాలి. తుపాకి దెబ్బ తగిలినవాడు ఆ రౌండు అయ్యేదాకా చేతులు కట్టుకు కూచోవాలి. ముందు పదమూడు రౌండ్లు ఎవరు గెలిస్తే వాళ్లది ఆట. ఆ పెద్ద తెర మీద మనకి రెండు జట్లూ కనపడతాయి. వాళ్లకి మాత్రం ఎవరి ఎదురుగా ఉన్నది వాళ్లకే."

"అంటే నువ్వు పైన కూచున్నట్టు."

"ఆఁ! అంతే. కింద ఏముందో తెలీదు."

మేస్త్రి మొదటి నాలుగు రౌండ్లు తెర చూడనే లేదు, మనుషుల్ని చూశాడు. పదిమందీ వెన్ను నిటారుగా పెట్టి, మోచేతులు బల్లకి ఆనించి, ముంజేతి నుంచి మాత్రమే కదులుతున్నారు. అనవసరపు కదలిక వీసమెత్తు లేదు. దెబ్బ తిన్నవాడు తిట్టుకోవడం లేదు, తను చూసింది చూసినట్టు మిగతావాళ్లకి చెప్పి నోరు మూస్తున్నాడు. యార్డులో ఇలాంటి మనుషులు పదిమంది దొరికితే ఓడని విప్పి మళ్లీ కట్టొచ్చు అనుకున్నాడు.

రౌండుకీ రౌండుకీ మధ్య జట్ల మాటలు స్పీకర్లో వినిపించారు. అవతలి జట్టులో ఐదుగురూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. ఇవతల ఒక్క గొంతే. "ఎడమ ఇద్దరు. ఉండు. ఉండు. ఇప్పుడు." అంతే. అది తన కూతురి గొంతు. కేక లేదు, తొందర లేదు. ఒక్కో మాటకీ నలుగురు మనుషులు నాలుగు వైపుల కదిలి ఒక్క చోటికి చేరుతున్నారు. మేస్త్రి ముందుకి వంగాడు. ఈ పనిలో ముప్ఫయ్యేళ్లు వెంట్రుకలు నెరిపించుకున్నవాడికి మేస్త్రితనం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. గంట గడిచేసరికి ఆయన కళ్లు తెర మీంచి మరలడం మానేశాయి.

పన్నెండు, పదకొండు. కూతురి జట్టుది ఒక్క రౌండు ఎక్కువ. ఇంకొక్కటి గెలిస్తే అయిపోయింది.

ఐదుగురూ గిడ్డంగి వెనక తలుపుకేసి పరిగెత్తారు. పెద్ద తెర మీద అందరికీ కనపడుతోంది, తలుపు అవతల ఇద్దరు కాచుక్కూచున్నారు, మెట్ల మీద మూడోవాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఇంకో మూడడుగులు. మేస్త్రికి అది గిడ్డంగిలా లేదు, వేలాడే దూలం కిందికి తల వంచుకుని నడిచిపోతున్న మనుషుల్లా ఉంది. ఆయన లేచి నిలబడింది ఆయనకి తెలీదు. రెండు చేతులూ బార్లా చాచి, అరచేతులు నేలకు తిప్పాడు. వేదిక దీపాలకి జాకెట్టు మీద వెండిచారలు ధగ్గుమన్నాయి.

"ఆగండి!" అంది కూతురు.

ఐదుగురూ తలుపు ముందు బిగుసుకుపోయారు. లోపల కాచుకున్నవాడొకడు ఓపిక చాలక తొంగి చూశాడు, పడ్డాడు. రెండోవాడు వాణ్ణి చూసి వచ్చాడు, పడ్డాడు. పావు నిమిషంలో రౌండు ముగిసింది. పైనుంచి మెరుపు కాగితాలు జలజలా రాలాయి. "ఎలా పసిగట్టింది! గోడ అవతల కళ్లున్నాయా!" అని వ్యాఖ్యాత గొంతు చించుకున్నాడు. జట్టులో నలుగురూ కుర్చీలు తన్నేసి గెంతుతున్నారు.

బావమరిది మేస్త్రి జాకెట్టు పట్టి కూచోబెట్టాడు. "బావా, ఏం చేశావో తెలుసా?"

"నువ్వు చూశావా?"

"చూడ్డమేంటి, కుర్చీలో కూచుని బ్రేకు తొక్కాను. బయటివాళ్లు సైగ చేస్తే దొంగాట కింద లెక్క! ఇంకెవరూ చూడలేదులే. కిమ్మనకు. కాగితాలు ఏరుకో."

కానీ వేదిక మీద ఒక మనిషి ఇంకా కుర్చీలోంచి లేవలేదు. కూతురు హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. బడిపిల్లలా చెయ్యెత్తింది.

నల్లకోటు రెఫరీ దగ్గరికొచ్చి వంగాడు. ఆమె చెప్పింది. ఆయన అర్థం కానట్టు మళ్లీ అడిగాడు. ఆమె నిలబడి రెండు చేతులూ చాపి చూపించి, ముందు వరసకేసి వేలు చూపింది. జట్టులో ఒకడు తల పట్టుకుని కూలబడ్డాడు. గంటన్నరగా ఊపిరి తిప్పుకోని వ్యాఖ్యాత నోరు ఠక్కున పడిపోయింది.

ఎవరూ పిలవకుండానే మేస్త్రి లేచాడు. "నేనే" అన్నాడు.

"సైగ చేశారా?"

"చేశాను."

"ఎందుకండీ?"

"తలుపు వెనక మనుషులున్నారు."

హాలు గొల్లున నవ్వింది. రెఫరీకీ నవ్వొచ్చింది గానీ మింగేసి మైకు అందుకున్నాడు. ఈ రౌండు అవతలి జట్టుకి. పన్నెండు, పన్నెండు. చివరి రౌండు ఒక్కటే తేలుస్తుంది. "తమరు మాత్రం బయటికి దయచెయ్యాలి."

గుమ్మానికి దారి వేదిక పక్కనుంచే. కూతురు అంచు దాకా వచ్చింది. ఆ మొహంలోకి చూడ్డానికి మేస్త్రికి ధైర్యం చాల్లేదు.

"చెయ్యి దానంతటదే లేచిందమ్మా."

"నాదీ దానంతటదే ఆగింది నాన్నా. నువ్వు ఆగమంటే ఆగకుండా ఉండటం నాకు చేతకాదు. ఆ రౌండు నాది కాదు. అందుకే చెప్పేశా." అని, మళ్లీ గొంతు తగ్గించి, "వెళ్లు. బయట కూచో. నా గురించి బెంగపడకు" అంది.

వెనక నలుగురు మనుషులు చీపుర్లతో కీబోర్డుల మీది మెరుపు కాగితాలు ఊడుస్తున్నారు.

గుమ్మం బయట కాఫీ బండి ఉంది. బండి ఆవిడ చక్కెర డబ్బాకి ఫోను ఆనించి ఆట చూస్తోంది. "ఏమన్నా, బయటికి తోసేశారా?" అంది.

"తోసేశారు."

"తాగొచ్చావా?"

"లేదు."

"ఉండుండు, అసలైన చోటొచ్చింది. అదిగో! చూశావా ఎలా ఆగిందో! ఆ పిల్లకి ఎలా తెలిసిందంటావ్?"

ఫోనులో కూతురు ఇప్పుడే తలుపు ముందు ఆగుతోంది. మేస్త్రికి మతి పోయినట్టయింది. "ఇది ఎప్పుడో అయిపోయిందే!"

"ఫోనుకి ఐదు నిమిషాలు ఆలస్యంగా వదుల్తారన్నా. బయట చూసేవాళ్లు లోపలికి దొంగ కబుర్లు పంపకుండా."

ఆవిడ కాఫీలు కలుపుతూనే చూస్తోంది. కాసేపటికి ఫోనులో రెఫరీ వంగాడు, కూతురు చేతులు చాచింది, ముందు వరసలో నారింజరంగు మనిషొకడు లేచాడు. ఆవిడ ఫోను చూసి, మేస్త్రిని చూసి, మళ్లీ ఫోను చూసింది. గరిట కింద పెట్టింది.

"నీ కూతురా అన్నా?"

"ఊఁ."

"గెలిచిన ఆట చేతులారా ఇచ్చేసింది!"

"ఊఁ."

ఆవిడ బండి కిందినుంచి ఎత్తుపీట లాగి ఆయన ముందు వేసింది. అడక్కుండానే కాఫీ పోసింది.

అప్పుడు హాలు పేలింది. గోడలు అదిరాయి, బండి మీద గ్లాసులు గలగలలాడాయి. లోపల చివరి రౌండు అయిపోయింది. ఎవరు గెలిచారో ఆ అరుపుని బట్టి తెలీదు.

"వెళ్లి కాపలా ఆయన్నడుగు, చెప్తాడు" అంది ఆవిడ.

"వద్దు."

"ఐదు నిమిషాలు ఎలా ఓపిక పడతావన్నా?"

"ముందు తెలియడం వల్లే వచ్చింది ఇదంతా" అన్నాడు మేస్త్రి. "పిల్లతోపాటే చూస్తా."

రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుని ఫోను ముందు కూచున్నాడు. చివరి రౌండు మొదలయింది. కూతురి జట్టులో ఒకరు పడ్డారు, ఇద్దరు, ముగ్గురు. ఆమె, ఇంకొక కుర్రాడు మిగిలారు. అవతల మళ్లీ ముగ్గురు. మళ్లీ అదే తలుపు. కొంప మునిగిందంది కాఫీ ఆవిడ.

హాలు గుమ్మం తెరుచుకుంది. ఎవరో పరుగెత్తుకొచ్చి ఆయన వెనక నిలబడ్డారు.

"నాన్నా."

ఆయన తల తిప్పలేదు. తిప్పితే ఆ మొహం చూసి ఫలితం చదివేస్తాడు. "ఉండమ్మా. నువ్వింకా తలుపు దగ్గరే ఉన్నావు."

కూతురు నోరు మూసుకుంది. కప్పా, మెడలో పూలా, కన్నీళ్లా, ఏం తెచ్చిందో కాఫీ ఆవిడ కూడా చూడలేదు. ముగ్గురూ ఆ అరచేతి వెడల్పు తెరలోకి వంగారు.

తలుపు ముందు ఆమె చాలాసేపు నిలబడింది. చెప్పేవాళ్లు లేరు. కుర్రాణ్ణి కిటికీ వైపు పంపింది. "నిదానం" అంది వాడితో, ఫోనులో సన్నగా వినపడింది. తరవాత తనే తలుపు తోసుకుని వెళ్లింది. మొదటివాడు పడ్డాడు. రెండోవాడికేసి తిరిగే వ్యవధి ఉంది, అయినా తిరగలేదు. మెట్లకేసి తిరిగి, కనపడని మూడోవాణ్ణి వాడు తల ఎత్తేలోపే పడగొట్టింది. వెనకనుంచి తగిలి తనూ పడిపోయింది. ఆమెని కొట్టినవాడు ఊపిరి పీల్చుకునేలోపు కిటికీలోంచి వచ్చిన కుర్రాడు వాడి పని పట్టాడు.

"గెలిచారు!" అని కాఫీ ఆవిడ బండి మీద చరిచింది. చక్కెర డబ్బా దొర్లి కింద పడింది.

మేస్త్రి చంకల్లోంచి చేతులు తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"ఆ మెట్ల మీద వాడున్నాడని నీకెలా తెలిసింది?"

"తెలీదు నాన్నా. ఉంటాడనుకున్నా."

"దగ్గరున్నవాణ్ణి వదిలేసి, ఉంటాడనుకున్నవాడి మీదికెళ్లావా?"

"దగ్గరున్నవాడు నన్నొక్కదాన్నే కొట్టగలడు. మెట్ల మీదవాడైతే కిటికీలోంచి వచ్చేవాణ్ణి కూడా కొడతాడు."

మేస్త్రి ఆ మాట నోట్లోనే తిప్పుకున్నాడు. లోపల కప్పు ఇవ్వడానికి ఆమె పేరు పిలుస్తున్నారు, జనం మళ్లీ అందుకున్నారు. బావమరిది గుమ్మంలోంచి తల పెట్టి, "అమ్మాయ్, నీ కోసం ఆగారక్కడ! బావా, దాన్ని వదులు!" అని కేకేశాడు.

మేస్త్రి పీట మీద కాస్త పక్కకి జరిగి కూతురికి చోటిచ్చాడు.

"వాళ్లని ఆగమను" అన్నాడు. "నువ్వు మొదట్నించీ చెప్పు."