ప్రోక్నే చేతి పళ్లెం

ఆ చలికాలం ఇటలీలోని క్రెమోనా ఊళ్లో గాయని ఎర్సీలియా బొందావల్లికి ప్రోక్నే రాణి పాత్ర దొరికింది. ఆమెకప్పటికి యాభై రెండేళ్లు. రెండు వందల ఏళ్లుగా ఎవరూ ఆడని ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకం అది, కథ గ్రీకు పురాణంలోది. తెరేయుస్ రాజు భార్య చెల్లెల్ని చెరిచి, ఆమె ఎవరికీ చెప్పకుండా ఉండాలని నాలుక కోసేస్తాడు. సంగతి తెలిసి భార్య ప్రోక్నే పగబట్టి, కన్నకొడుకునే చంపి, వండి మొగుడికి వడ్డిస్తుంది.

రాజుగా పాడేవాడు గ్రాంత్సొత్తో. ఆబోతులాంటి మనిషి. కానీ గొంతు విప్పితే విన్నవాళ్లు అతని ఆగడాలన్నీ మరిచిపోయేవారు. చెల్లెలు ఫిలోమేలా పాత్ర ఇరవై మూడేళ్ల నీవెస్‌ది. మొదటి రిహార్సల్లోనే అతను ఆ పిల్లను నిజంగా జుట్టు పట్టి మెట్ల మీదుగా ఈడ్చాడు. మోకాళ్లు చీరుకుపోయాయి. దర్శకుడు బెల్త్రామీ చప్పట్లు కొట్టాడు.

"అదీ! అచ్చం అలాగే కానివ్వండి!"

మేకప్ గదిలో నీవెస్ తల వంచి చూపించింది. ఒకచోట జుట్టు కుదుళ్లతో సహా ఊడి, నెత్తురు ఊరుతోంది.

"సిన్యోరా, మీరైనా ఒక మాట చెప్పరూ?"

"ఓర్చుకో. ఇంకా పది రోజులేగా," అంది ఎర్సీలియా.

అంటూనే సిగ్గుపడింది. పంతొమ్మిదేళ్ల కిందట త్రియెస్తే ఊళ్లో నాటకమాడుతూ ఇదే గ్రాంత్సొత్తో ఆమెను గోడకేసి కొడితే భుజం ఎముక విరిగింది. జారిపడ్డానని అందరికీ చెప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే బెల్త్రామీ దగ్గరికి వెళ్లింది. అతను కాఫీ తాగుతూ, "సన్నివేశం పండాలంటే ఆమాత్రం తప్పదమ్మా," అన్నాడు.

పక్కనే ఉన్న గ్రాంత్సొత్తో పకపకా నవ్వాడు. "నీ గొంతు తుప్పు పట్టింది, ఎర్సీలియా. అందుకే కుర్రపిల్లను చూస్తే కడుపుమంట. నోరు మూసుకుని పాడు."

"నోరు మూసుకుని ఎలా పాడాలో నువ్వే నేర్పు!" అనేసి వచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం తొలి ప్రదర్శన. నాలుక కోసే ఘట్టంలో గ్రాంత్సొత్తో చెక్క కత్తిని పిడికిలితో సహా నీవెస్ నోట్లోకి కుక్కాడు. ఆమె పెట్టిన కేక పాటలోది కాదు. పై అంతస్తు జనం "బ్రావో!" అని హోరెత్తించారు.

తెర పక్కన నీవెస్ రెండు పళ్లు అరచేతిలోకి ఉమ్మింది. గడ్డం మీదుగా రక్తం ధార కట్టింది. ఎర్సీలియా ఆ పిల్ల మొహం తుడిచి, రంగస్థలం మీదికి నడిచింది.

చివరి అంకం. ఆమె చేతుల్లో మూత వేసిన ఇత్తడి పళ్లెం. మూత తీసి కొడుకు తల చూపించాలి. తియ్యలేదు. రెండు చేతులా పళ్లెమెత్తి గ్రాంత్సొత్తో దవడ మీద బలంకొద్దీ కొట్టింది. పళ్లెం కింద పడి మోగింది, మైనపు తల దొర్లిపోయింది. అతను మోకాళ్ల మీద కూలి, అంతలోనే లేచి ఆమె గొంతు పట్టుకున్నాడు. రెండు బొటనవేళ్లూ గొంతులోకి దిగాయి. వాద్యాలు ఆగలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఎర్సీలియా కళ్లకు చీకట్లు కమ్మాయి.

నీవెస్ పరుగెత్తుకొచ్చి, మిగిలిన పళ్లతోనే అతని చెవి కొరికి పట్టుకుంది. అతను అరిచాడు. అప్పటికిగానీ కోరస్ పాడే మగాళ్లకు విషయం అర్థం కాలేదు. నలుగురూ మీదపడి అతణ్ణి లాగేశారు. వాద్యాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఎర్సీలియా పాక్కుంటూ ముందుకొచ్చింది. గొంతు కీచుగా పలికింది.

"ఇది రంగు కాదు, రక్తం. ఈ పిల్ల పళ్లు వాడు నిజంగానే విరగ్గొట్టాడు. మీరు బ్రావో అన్నారు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

గ్రాంత్సొత్తోకు జైలుశిక్ష పడింది. దవడ విరగ్గొట్టినందుకు ఎర్సీలియాకూ శిక్ష వేసి, వయసు చూసి అమలు ఆపారు. నలిగిన గొంతుతో ఆమె మళ్లీ పాడలేకపోయింది. రెండేళ్ల తర్వాత వేరే ఊళ్లో నీవెస్, కట్టుడు పళ్లతో, అదే ఒపేరాలో ప్రోక్నేగా పాడింది. రోజూ పొద్దున రిహార్సల్‌కు ముందు ఎర్సీలియా పియానో దగ్గర కూర్చుని, బొంగురు గొంతుతోనే ఆమెను గద్దించేది.

"ఊపిరి మింగకే! మళ్లీ మొదట్నుంచి."