నడిమి బెజ్జం

నడుము కొలత దగ్గర నిజం చెప్పే మగాడు అరిజోనాలో ఇంకా పుట్టలేదని విల్మా ప్రూయెట్ గట్టి నమ్మకం. పాతకాలపు కౌబాయ్ వేషం కట్టి, నడుముకు రెండు రివాల్వర్లు తగిలించుకుని, గడియారంతో పందెం వేసి ఇనప పలకల్ని కాల్చే పోటీలు అక్కడ జోరుగా సాగుతాయి. ఆ షూటర్లకు తోలు బెల్టులూ తుపాకీ ఒరలూ కుట్టడం ఆమె పని. కొలత చెప్పమంటే ప్రతివాడూ జీన్స్ ప్యాంటు మీది అంకె చదివి ఊరుకుంటాడు. ప్యాంటుదేముంది, పొట్ట కిందుగా జారుకుంటుంది. తుపాకుల బెల్టు అలా కాదే! చొక్కా, కోటు, పొట్ట అన్నిటినీ చుట్టి రావాలి. "టేపు పెట్టి కొలవండి బాబూ" అని మొత్తుకుంటే, "నా నడుము నాకు తెలీదా?" అని ఎదురు ప్రశ్న. కోసేసిన తోలు మళ్లీ అతుక్కుంటుందా?

ఆమె బెల్టుకు ఒక పద్ధతి ఉంది. నడిమి బెజ్జమే మనిషి అసలు కొలత. దానికి బయట, బెల్టు కొస వైపు ఉన్నవి టర్కీ కోడిని వండుకునే పండగ తిండికి ఒళ్లు చేస్తే, లోపల ఉన్నవి జ్వరాలకు చిక్కిపోతే.

ఈ కొలతల దొంగలందరిలోకీ ఘనుడు ఓర్విల్ స్టాడ్లర్. షూటింగ్ క్లబ్బులో ప్రతివాడికీ ఒక మారుపేరు ఉండి తీరాలి కదా, ఇతనిది 'మాడిన బిస్కట్'. ఎప్పుడో గడ్డిమోపులు అడ్డం పేర్చి ఆ ఊళ్లో పోటీలు మొదలుపెట్టిన మనిషి. వసంతంలో అతను ఫోనులో చెప్పిన అంకె నమ్మి బెల్టు కుడితే, రెండు కొసలూ కలవనే లేదు. అది ఇప్పటికీ కొట్టు గోడకు వేలాడుతూ విల్మాను వెక్కిరిస్తోంది. రెండోసారి ఆమె అతని మాట నమ్మలేదు. జూలైలో అతన్ని ఎదురుగా నిలబెట్టి తనే టేపు చుట్టింది. పొట్ట లోపలికి లాక్కోబోతే "ఊపిరి వదులు ముందు!" అని కసిరింది. ఆ తర్వాత నెలల తరబడి కూర్చుని ఆ తోలు మీద నాగజెముడు పూలు చెక్కింది.

శనివారం ఏడాది పోటీ అనగా మంగళవారం ఓర్విల్ వచ్చి బెల్టు పెట్టుకున్నాడు. అన్నిటికన్నా లోపలి బెజ్జానికి బిగించినా అది తుంటి మీంచి జారింది. ఒరలు రెండూ తొడల మీదికి వాలిపోయాయి.

విల్మాకు తలప్రాణం తోకకొచ్చింది.

"ఆటలాడుతున్నావా నాతో? మొన్నేమో కలవలేదు, ఇవాళేమో జారుతోంది!"

"తోలు సాగిందేమో."

"నా తోలు సాగదు! ఒళ్లు తగ్గే మందులేమన్నా మింగుతున్నావా? ఈ వయసులో కుర్రవేషాలు!"

ఓర్విల్ మీసం దువ్వుకున్నాడు. "నా అందం చూసి ఓర్చుకోలేవు నువ్వు."

"అందమా నా బొందా! ఒరలు ఇలా వాలితే శనివారం నిన్ను కాల్చే గీత దాకా కూడా రానివ్వరు. ఆ రూలు పెట్టిందే నువ్వు!"

"అందుకేగా పరిగెత్తుకొచ్చింది. ఎలాగోలా సరిచెయ్యి తల్లీ. ఈసారి నేను కాల్చాలి."

"ఈసారి కాకపోతే పై ఏడు. కొంపలేం మునిగిపోవు."

ఎప్పుడూ మాటకు మాట అంటించే మనిషి, తల వంచుకుని జారిన బెల్టు పైకి లాక్కున్నాడు.

కళ్లు పోయాయా నాకు, టేపు తప్పు చదివానా అని తనను తాను తిట్టుకుంటూ విల్మా మళ్లీ టేపు అందుకుంది. కొలవడానికని అతని వెయిస్ట్‌కోటు పైకెత్తింది. లోపల ప్యాంటు నడుము మడతలు మడతలుగా ముడుచుకుని ఉంది. మడతమడతకూ ఒక పిన్నీసు. బల్ల మీద చూస్తే, వచ్చీరాగానే ఆమె పెట్టిన పెకాన్ పప్పుల తీపి 'పై' ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. గిన్నె గీకి తినే మనిషి.

"ఎప్పట్నించి?" అంది.

"ఆగస్టు."

"డాక్టరేమన్నాడు?"

"ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఆ మర్యాద చూస్తేనే నాకర్థమైంది."

దుఃఖం తర్వాత వచ్చింది. ముందు ఆమెకు ఒళ్లంతా మండింది. "ఇంతసేపూ తిడుతుంటే నోరు పడిపోయిందా నీకు?"

"నీ తిట్లు బాగున్నాయి విల్మా. ఇంట్లో అందరూ గుసగుసగా మాట్లాడుతున్నారు." అతను రెండు చేతులూ ముందుకు చాచాడు. అవి వణకడం లేదు. "చేతులింకా నావే. క్లబ్బులో మాత్రం చెప్పకు. తెలిసిందంటే నాకు నీడన కుర్చీ వేసేస్తారు. తుపాకీ తీసుకుని నిమ్మరసం చేతిలో పెడతారు."

అతను వెళ్లాక విల్మా బెల్టును బల్ల మీద పడేసి చాలాసేపు చూసింది. ఇంకో రెండు బెజ్జాలు కొట్టి పంపితే ఒరలు వెనక్కి పోతాయి, చెయ్యి అందదు. బకిల్ వైపు కుట్టు విప్పి, ముక్క కోసి, మళ్లీ కుట్టాల్సిందే. అటువైపే ఉన్నాయి అన్నిటికన్నా బాగా కుదిరిన పూలు. కత్తి పెట్టబోతే చెయ్యి రాలేదు. గోడ మీది పొట్టి బెల్టును చూసింది. కొలత తప్పు చెప్పినందుకు మూడు నెలలు ఈ మనిషిని ఊరంతా తిరిగి తిట్టింది. ఆ తప్పు కొలతే ఇప్పుడు నిజమై కూర్చుంది. ఆ కోపానికి చెయ్యి వచ్చింది. పూలు తెగి కింద పడ్డాయి. వాటిని తుడిచి చెత్తబుట్టలో వెయ్యలేక జేబులో పెట్టుకుంది.

ఎలా కోసినా ఎన్నాళ్లకు సరిపోతుంది? కొత్తగా కోసిన తోలు ఎప్పుడూ ఆమె మాట వినేది. ఇక్కడ వినాల్సింది తోలు కాదు, అతని ఒళ్లు. సుత్తి దెబ్బకు బల్ల అదిరేలా బెజ్జాలు కొట్టింది.

శుక్రవారం ఓర్విల్ వచ్చి బెల్టు బిగించుకున్నాడు. ఒరలు నిటారుగా, చెయ్యి పడాల్సిన చోట నిలిచాయి. అప్పుడు వేలితో తడిమి చూసుకున్నాడు. బకిల్ ముల్లు అన్నిటికన్నా బయటి బెజ్జంలో ఉంది. అక్కడి నుంచి లోపలికి వరసగా బెజ్జాలే బెజ్జాలు.

"నడిమిది కదా నాకు రావాలి?"

"నీకు నడిమిది లేదు. అన్నీ లోపలికే కొట్టా."

అతను తల వంచి ఆ వరస చివరి దాకా చూశాడు. "చాలా కొట్టావే."

"కొట్టా. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టా." విల్మా వేలు చూపించి బెదిరించింది. "అన్నీ వాడాలి నువ్వు. ఒక్కటి వదిలిపెట్టావో, నీ సంగతి చెప్తా."