ఇరవై రోజుల మాస్కు

అయినా బరువు చూసే మెషిన్ ఎక్కే ముందు చెవి దుద్దులు తీస్తే ఏం కలిసొస్తుంది, ఆ సంగతి తనకీ తెలుసు, చెయ్యి మాత్రం దానంతటదే చెవి దగ్గరికి పోయింది, చెప్పులు విప్పింది, వాచీ విప్పింది, ఫోను బల్ల మీద పెట్టింది, నర్సమ్మ నడుం మీద చెయ్యేసుకుని చూసి చూసి, అన్నీ వలిచినా అది మొహమాటపడదమ్మా, ఎక్కు, అంది, ఎక్కింది, ఎనభై రెండున్నర, అని చీటీ మీద రాసుకుంటే సరిపోయేదాన్ని హాలు చివర కునికే ముసలాయన కూడా ఉలిక్కిపడేలా చదివింది మహాతల్లి, పోయిన నెల ఎనభై రెండే, అంటే నెల రోజులు రాత్రి తిండి మానేసి, లిఫ్టు మొహం చూడకుండా నాలుగంతస్తులు ఎక్కి దిగి బంతి సంపాదించుకున్నది అరకిలో, బంతి అని చిన్నప్పుడు గుండ్రంగా ఉందని ముద్దుకి పిలిచారు, ముద్దు ఎప్పుడో పోయింది, గుండ్రమే మిగిలింది.

తనది పధ్నాలుగో నంబరు, లోపల ఇప్పుడు పదకొండు, కుర్చీలో కూలబడి మాస్కు కళ్ళ దాకా లాక్కుంది, గుడ్డ గడ్డం కింద గరగరలాడింది, ఇరవై రోజుల వెంట్రుకల పంట మరి, పీకొద్దు, గీయొద్దు, దారం పెట్టించొద్దు, ఉన్నది ఉన్నట్టు రా, అని డాక్టరమ్మ ఆర్డరు, ఎందుకంటే మొదటిసారి వచ్చినప్పుడు తను తెల్లారే లేచి పట్టకారుతో ఒక్కొక్కటీ పీకి తోమిన గిన్నెలాంటి మొహంతో వచ్చింది, మొహం మీద పెద్దగా ఏం లేదుగా, బరువు తగ్గండి చాలు, అని పంపేసింది డాక్టరమ్మ, రెండోసారీ అదే గిన్నె, అదే మాట, మూడోసారి గడ్డం కింద ఎర్రచుక్కలు కనిపెట్టి, దొంగతనం జరిగిందని పోలీసుల్ని పిలుస్తారు, వాళ్ళొచ్చేలోపు ఇల్లంతా కడిగిపెడతారు, మీ అందరిదీ ఒకటే తప్పమ్మా, నాకు కనపడకపోతే మందు దేనికి రాయను, అని నవ్వింది, కాబట్టి మందా, లేక మళ్ళీ బరువు తగ్గమనే పాతపాటా అన్నది ఇవాళ తేలాలి, తేలాలంటే మాస్కు తియ్యాలి, ఇంత తెలిసినదానివి సంచిలో రేజరు దేనికి తెచ్చుకున్నావే, ఊరికే, దగ్గరుంటే ధైర్యం.

ఉద్యోగం కూడా ఎక్కడ దొరికిందో చూడు, కళ్ళజోళ్ళ షాపులో, మసకమసక చూపుతో వచ్చినవాళ్ళకి కొత్త అద్దాలు పెట్టి, చెవుల వెనక సర్ది, ఇప్పుడు బాగా కనపడుతోందాండీ అని అడగడమే పని, పెట్టగానే వాళ్ళకి ముందుగా కనపడేది జానెడు దూరంలో తన గడ్డమే, పదిమందిలో ఒకరి చూపు అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది, ఆగి మర్యాదగా పక్కకి పోతుంది, ఆ మర్యాదే మంట, పీకడం మానేసిన రోజునుంచి, అద్దాలు అరగదీసే దుమ్ము పడట్లేదు, జలుబు చేస్తోందని చెప్పి మాస్కు వేసుకుంది, మొదటి వారం ఎవరూ పట్టించుకోలేదు, రెండో వారం షాపాయన, ఏవమ్మా, నీ జలుబు సర్వీసు చూస్తే దానికి కూడా జీతం పెంచాలేమో, అన్నాడు, అందరూ నవ్వారు, తనూ నవ్వింది, మాస్కులో నవ్వితే ఎవరికి తెలుస్తుంది, మధ్యాహ్నం స్టోరురూంలో గోడకేసి కూర్చుని డబ్బా విప్పేది, అవతల వాళ్ళ నవ్వులు వినపడుతుంటే నమలడం కూడా చప్పుడు కాకుండా.

అక్కావాళ్ళింట్లోనూ ఇలాగే నవ్వింది, ఏడాదిన్నర అయిందేమో, నాలుగు రోజులుందామని వెళ్తే సంచిలో పట్టకారు లేదు, బాత్రూంలో బావ రేజరు కనపడింది, రెండు రోజులు గుట్టుగా వాడి కడిగి పెట్టింది, మూడోరోజు బావ సగం నురగ మొహంతో వచ్చి, ఏవే, నా రేజరుతో కొబ్బరికాయ పీచు గీశావా, తెగి చావట్లేదు, అని అక్కని అడిగాడు, నాకేం ఖర్మ, నీ గడ్డమే ముళ్ళకంప, అంది అక్క, పోనీ మా మరదలు గీసుకుందేమో అడుగు, అని కన్నుకొట్టాడు బావ, పాపం తెలిసి అనలేదు, మరదలు కదా, ఏదో ఒకటి అనకపోతే ముద్ద దిగదు ఆయనకి, తను అందరికంటే గట్టిగా నవ్వింది, సాయంత్రం బండికి తిరిగొచ్చేసింది, తర్వాత అక్క పిలిచిన ప్రతిసారీ షాపులో సెలవు దొరకలేదు, దొరకలేదా, అడిగితేగా.

పన్నెండు, అని పిలిచింది నర్సమ్మ, ఎవరూ లేవలేదు, పదమూడూ లేవలేదు, బంతి లేచింది, లేచిన కాళ్ళు డాక్టరు గదికి కాకుండా బాత్రూంకి తీసుకుపోయాయి, గడియ పెట్టుకుంది, మాస్కు కిందికి లాగింది, అద్దంలో మొహం, ఈ ఇరవై రోజుల్లో దీన్ని చూసింది తనొక్కతే, నీళ్ళు చల్లుకుంది, రేజరు తీసింది, మూడు గీతలు, అర నిమిషం పని, పధ్నాలుగూ, అని బయట కేక, ఈ పధ్నాలుగు కూడా పోయిందా ఏంటి, అని సణుగుడు, బ్లేడు చర్మానికి ఆనింది, గీస్తే నున్నటి మొహంతో లోపలికెళ్ళొచ్చు, నున్నటి మొహంతో వెళ్తే బరువు తగ్గండి అంటుంది, ఎనభై రెండున్నర చీటీ పట్టుకుని మెట్లు దిగాలి, మళ్ళీ రేపట్నుంచి పట్టకారు, మరి గోడకేసి తిన్న ఆ ఇరవై డబ్బాలు ఎవరి ఖాతాలో పోస్తావే, అనుకునేసరికి చిన్నగా కోపం వచ్చింది, ఆ కోపంలోనే రేజరు సంచిలో పడేసి, మాస్కు జేబులో కుక్కి, తలుపు తీసింది, వస్తున్నానండీ.

డాక్టరమ్మ తల ఎత్తి చూసింది, మర్యాదగా పక్కకి చూడలేదు, చూస్తూనే ఉంది, ఆ, ఇలా రావాలి, కూర్చో, అని కుర్చీ దగ్గరికి లాక్కుని రెండు వేళ్ళతో గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పింది, పైపెదవి మీద ఇంత, గడ్డం కింద ఇంత, మెడ మీద కూడా ఉన్నాయే, ఇవి నువ్వు తిండెక్కువ తిని తెచ్చుకున్నవి కాదమ్మా, ఒంట్లో హార్మోన్లు చేసే అల్లరి, బరువు దిగకపోవడం కూడా చాలావరకు దాని పనే, మందు రాస్తాను, ఆర్నెల్లు ఓపిక పట్టాలి, గుచ్చుకుంటున్నాయా నీకు, అంటోంది, బంతి లేదన్నట్టు తల ఊపబోయి ఊపలేదు, ఊపితే ఆ వేళ్ళు జారిపోతాయని, వెచ్చగా ఉన్నాయి వేళ్ళు, మొహం మీద ఇంకొకళ్ళ చెయ్యి పడి ఎన్నాళ్ళయింది, పోయినసారి ఊరినుంచి వచ్చి అమ్మ బుగ్గ నిమరబోతే, అబ్బ చెమటే అమ్మా, అని వెనక్కి జరిగింది, అక్కావాళ్ళింట్లో ఎత్తుకుంటే అక్క కూతురు మెడ చుట్టూ చేతులేసి ముద్దుపెట్టుకోబోతే గుచ్చుకుంటుందేమోనని దించేసింది, పిల్ల బిక్కమొహం వేసింది, డాక్టరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టింది, ఏమ్మా, మెడ పట్టేసిందా, దించు, అంటోంది, బంతి గడ్డం ఇంకా పైకెత్తే ఉంది, కళ్ళు నిండాయి, చూపులకి భయపడి ఇన్నేళ్ళూ తను తోసేసింది చేతుల్ని.